పక్క గదిలో కూడా దిగిన తెర

మా చెల్లెలి కూతురు సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. ఒక ఆఫీసులో పక్కపక్కనే ఉన్న రెండు మీటింగు గదులకు ప్రొజెక్టరు బొమ్మ పడే మోటారు తెరలు బిగించాలి. నచ్చితే పై మూడంతస్తుల పనీ దానికే. నచ్చకపోతే మళ్ళీ పాత మేస్త్రీ కింద చాకిరీ. సాయానికి నన్ను రమ్మంది, పాపం!

"మామయ్యా, మోటారుకి నాలుగు వైర్లు. ఎర్తు, న్యూట్రలు, పైకి ఒకటి, కిందికి ఒకటి. పైకీ కిందికీ ఒకేసారి కరెంటిచ్చావంటే మోటారు మాడిపోద్ది."

"మీ అత్తా నేనూ ఒకేసారి మాట్లాడితే మా ఇంట్లో జరిగేదీ అదేనే!"

"జోకులాపి స్క్రూడ్రైవరివ్వు."

ఇచ్చాను. పిడికి టేపు తిరగేసి చుట్టి మరీ ఇచ్చాను. అది అరచేతికి అతుక్కుపోతే నిచ్చెన మీదే చిందులేసింది.

వైరింగంతా అద్దంలా చేసింది. రిమోట్లు నేర్పడం మాత్రం నాకొదిలింది. తెర పక్కనున్న చిన్న పెట్టెలో బొత్తాం నొక్కితే లైటు మిణుకుమంటుంది. అది ఆరేలోగా ఏ రిమోటు నొక్కితే, తెర ఇక ఆ రిమోటు మాట వింటుంది.

"ఒక గదికి నేర్పేటప్పుడు రెండో గదికి కరెంటు తీసెయ్యి మామయ్యా" అని రెండుసార్లు చెప్పింది.

మెయిను వసారా చివర ఉంది. అంత దూరం ఎవడు నడుస్తాడు? రెండు పెట్టెల బొత్తాలూ గబగబా నొక్కి, గుమ్మంలో నిలబడి రెండు రిమోట్లూ నొక్కేశాను. ఎదురుగా ఉన్న తెర దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రిమోటు గోడల్ని లెక్కచెయ్యదని నాకేం తెలుసు?

మర్నాడు ఆఫీసరమ్మ చూడడానికొచ్చింది. మొహంలో నవ్వన్నది లేదు. పక్క గదిలో పెద్దాఫీసరు గారు సిబ్బందికి క్లాసు పీకుతున్నారు. మా పిల్ల రిమోటు నొక్కింది. తెర పట్టులా దిగింది.

పక్క గదిలో ఉపన్యాసం టక్కున ఆగింది. "ఎవరయ్యా నొక్కింది?"

"పైకి పంపమ్మా" అంది ఆఫీసరమ్మ. తెర పైకి వెళ్ళింది.

"ఆఁ, ఏం చెబుతున్నాను..." అన్నారు పక్కన.

"మళ్ళీ దించు."

"ఎవర్రా అది!"

ఆఫీసరమ్మ వెళ్ళి పక్క తలుపు తీసింది. వెనకాలే మేమూ తొంగిచూశాం. తెరకింద రెండు నల్లబూట్లు తప్ప పెద్దాయన కనబడ్డంలేదు. బూట్లు మాత్రం కోపంగా అటూ ఇటూ తిరుగుతున్నాయి. సిబ్బంది నోళ్ళలో రుమాళ్ళు కుక్కుకుని ఊగిపోతున్నారు.

మా పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. పెట్టె పాడైందని ఒక్కమాటంటే సరిపోయేది. అనలేదు.

"తప్పు మాదేనండీ. రెండు తెరలకీ ఒకే రిమోటు నేర్పేశాం. పది నిమిషాలివ్వండి."

నన్ను వేలెత్తి చూపనైనా లేదు. నేనే ముందుకొచ్చాను. "మాది కాదమ్మా, నాది" అన్నాను. "అది రెండుసార్లు చెప్పింది. నేనే వినలేదు."

అది పరిగెత్తి పెట్టెల్లో నేను నేర్పిందంతా చెరిపి, ఒక గదికి నేర్పేటప్పుడు రెండో గదికి కరెంటు తీసి, ఒక్కొక్క తెరకూ విడివిడిగా నేర్పింది. ఏడు నిమిషాలు. ఈసారి నొక్కితే పక్క తెర కదల్లేదు, బూట్లకు పైన మనిషి మిగిలాడు.

ఆఫీసరమ్మ కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ అరగంట నవ్వింది. పై మూడంతస్తుల కాగితం మీద సంతకం పెట్టి, అడుగున ఒక వాక్యం సొంత చేత్తో రాసింది.

"ఏం రాశారే?" అన్నాను.

మా పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి చదివింది: "మామయ్యగారు రిమోటు ముట్టుకోరాదు."