రంగు ఎక్కని నరం

ఆ కంటి ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఆమె పని ఒక్కటే. చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి, అది కంటి వెనక రక్తనాళాల్లో పారే తీరును ఫొటోలు తీయడం. ఫొటోలో ఏముందో చెప్పడం డాక్టరు పని. ఆమె చెప్పకూడదు.

ఆ రోజు కెమెరాకు గడ్డం ఆనించింది ఆమె బావ, అక్క మొగుడు. ఇరవై రెండేళ్లుగా బస్సు డ్రైవరు. నిద్ర లేచేసరికి కుడికంటి చూపులో కింది సగం తెర కట్టినట్టుందని, అక్క పోరు పడలేక వచ్చాడు.

సూది గుచ్చుతుంటే, "ఇన్నాళ్లకి కసి తీర్చుకుంటున్నావా మరదలా" అన్నాడు. ఆమె నవ్వి, రెప్ప వేయొద్దంది.

కాసేపటికి నలుపు తెలుపు ఫొటోలో నాళాలు ఒక్కొక్కటే తెల్లగా వెలిగాయి. కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోట మాత్రం పై సగం నల్లగానే ఉండిపోయింది. ఇంకో ఫొటో తీసింది. మరొకటి తీసింది. అక్కడికి రంగు చేరలేదు. నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు మూసుకుపోయాయి.

ఎడమ కంటికి కెమెరా తిప్పింది. ఆ నరం పూర్తిగా పాలిపోయి ఉంది. అది నిన్నమొన్నటి దెబ్బ కాదు.

"ఎడమ కన్ను ఎన్నాళ్ల నుంచి కనపడట్లేదు బావా?"

"పోయినేడు నుంచి. ఒంటికన్నుతో నడపనివ్వరు కదా. ఎవరికీ చెప్పలేదు. అద్దం చూడ్డానికి మెడంతా తిప్పేవాణ్ణి. ఎవర్నీ గుద్దలేదు."

ఆ బస్సులో బడిపిల్లలు ఎక్కుతారు. ఆమెకు ఒళ్లు మండింది. గడ్డం ఇంకా అలాగే ఆనించి కూర్చున్న మనిషిని ఏమనగలదు? అప్పుడే వచ్చుంటే, అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడొచ్చినా ఎవరూ ఏమీ చేయలేకపోయేవారని ఆమెకు తెలుసు.

బయట బెంచీ మీద నుంచి అక్క లేచి, అద్దాలు మారిస్తే సరిపోతుందా అని అడిగింది. డాక్టరుగారు చెప్తారంది ఆమె.

"నువ్వు చూశావుగా."

"చూశానక్కా."

డాక్టరు దాచకుండా చెప్పాడు. పోయిన చూపు రాదు. మిగిలింది నిలుస్తుందన్న హామీ లేదు. నరాన్ని బాగుచేసే మందూ లేదు. అంతా విని అక్క చెల్లెలి వైపు తిరిగి, "ఇంకోసారి తియ్యవే" అంది.

మర్నాడు అతనే డిపోకు వెళ్లి, ఏడాదిగా దాచింది చెప్పి, లైసెన్సు ఇచ్చేశాడు. నెల తిరిగేలోగా ఆ తెర ఇంకాస్త పైకి పాకింది. దాచినందుకు అక్క అతనితో మాటలు మానేసింది. మెట్లు వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనకుండా చెయ్యి పట్టుకునేది.