పదిరోజుల గది

వీధి జంతువుల షెల్టర్ వెనకవైపు, మందుల కొట్టుకీ నీళ్ళ తొట్టికీ మధ్య ఒక చిన్న గది ఉంది. సిమెంటు నేల, మూలన తూము, కింద చెక్క, పైన ఊచలు ఉన్న తలుపు, పక్క సందులోకి జాలీ కిటికీ. ఎవరినైనా కరిచిన కుక్కను తెచ్చి పదిరోజులు అందులో ఉంచి గమనిస్తారు. పదిరోజులూ అది మామూలుగా తిని తిరిగితే దానికి రేబిస్ లేనట్టే, కరిపించుకున్న మనిషికి గండం గడిచినట్టే.

ఆ గదిలోకి వెళ్ళేది ఒక్క మనిషే. ముందుజాగ్రత్త సూదులన్నీ వేయించుకున్నది ఆమె ఒక్కతే. కుక్కలకు వండే వంటమనిషి కూడా గిన్నెను తలుపుకు దూరంగా పెట్టి వెళ్ళిపోతాడు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఆమెను చుట్టుపక్కల వీధుల్లో అందరూ కుక్కలక్క అంటారు. వెక్కిరింతగా మొదలైన పేరు మెల్లమెల్లగా మర్యాదగా మారింది. భర్త పోయినప్పటి నుంచీ అన్నయ్య ఇంటి మేడమీది గదిలో ఉంటోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలోకి అన్నయ్య కుక్కే వచ్చింది.

దాని పేరు దొరగారు. ముద్ద నోటిదాకా వస్తే తప్ప లేవదని వదిన పెట్టిన పేరు. దొంగ వస్తే దగ్గరుండి ఇల్లంతా చూపించే రకం అని వీధిలో నవ్వుకునేవారు. ఆ రోజు ఎదురింటి ప్లంబర్ కూతురు, ఎనిమిదేళ్ళది, బంతి కోసం బల్ల కిందికి చెయ్యి పెట్టింది. నిద్రలో ఉన్న దొరగారు ఉలిక్కిపడి మోచేతి కింద పట్టుకుంది. రెండు పళ్ళు లోతుగా దిగాయి.

కుక్కలక్క దాన్ని గొలుసుతో నడిపించుకుంటూ వచ్చి తలుపు గడియపెట్టింది. గడియ పడ్డాక గానీ ఆమెకు దాని టీకా కార్డు సంగతి గుర్తుకు రాలేదు.

నాలుగు నెలల కిందట వీధిలో టీకాల శిబిరం పెట్టారు. అన్నయ్య దొరగారిని తీసుకొచ్చేసరికి మందు సీసాలు అయిపోయాయి. కుక్క లైసెన్సుకు ఆ సాయంత్రంతో గడువు అయిపోతోంది. "సూది రేపు వేద్దువుగాని, ఇవాళ్టికి ముద్ర కొట్టవే" అన్నాడు. సొంత అన్నయ్య, సొంత ఇంటి కుక్క. ముద్ర కొట్టి సంతకం పెట్టింది. మర్నాడు ఎవరో రోగం పట్టిన ఆరు కుక్కపిల్లల్ని గోనెసంచిలో తెచ్చి గేటు దగ్గర వదిలిపోయారు. ఆ హడావుడిలో సూది మాట మరుగున పడిపోయింది. అన్నయ్యా గుర్తుచేయలేదు.

సోమవారం పొద్దున్నే కిటికీ జాలీకి ఒక ముఖం ఆనుకుని కనిపించింది. ప్లంబర్ భార్య.

"తిందా అక్కా?"

"తింది. గిన్నె నాకేసింది కూడా."

"నిన్న దాన్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది. ఇవాళ పొద్దున లేస్తూనే అది చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను. చూడు నా బతుకు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇంకో నయం ఏంటంటే, మీ అన్నయ్య కార్డు చూపించాడు. టీకా ఉన్న కుక్కే కదా, పాపకి ఇప్పుడప్పుడే సూదులు అక్కర్లేదు, పదిరోజులు కుక్కని కనిపెట్టుకుని ఉండండి అన్నాడు డాక్టరు. నీ సంతకం ఉందిగా, నాకు భయం లేదు."

కుక్కలక్క చేతిలోని చీపురు అలాగే ఉండిపోయింది. చెప్పడానికి నోరు తెరిచింది. "పాప ఎలా ఉంది?" అని మాత్రం వచ్చింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అన్నయ్యను వరండాలోనే పట్టుకుంది.

"కార్డు ఎందుకు చూపించావు? దానికి సూది పడలేదని నీకు తెలీదా?"

"మెల్లగా మాట్లాడు. అడిగితే చూపించాను. కుక్క నిక్షేపంగా ఉందిగా? వీధి కుక్క కాదు, గడప దాటదు. దానికెక్కణ్ణుంచి వస్తుంది రోగం?"

"రాదని నువ్వు రాసిస్తావా?"

"రాసిచ్చింది నువ్వు." అన్నయ్య గొంతు బాగా తగ్గించాడు. "బయటపడితే నా మీద కేసు, నీ ఉద్యోగం ఊస్టు. ఎనిమిది రోజులు నోరు కుట్టేసుకో. అంతా సర్దుకుంటుంది."

వదిన గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం మళ్ళీ అదే ముఖం, అదే ప్రశ్న. "తింది" అంది కుక్కలక్క. అబద్ధం కాదు. అయినా ఆ మాట అంటున్నంతసేపూ ఆమె కళ్ళు నేలనే చూశాయి. కడిగిన నేలనే మళ్ళీ కడిగి బయటికొచ్చింది. మధ్యాహ్నం ఒక ముసలాయన తన పిల్లిని తెచ్చి, "నువ్వు చూస్తే చాలమ్మా, నువ్వు చెప్పావంటే మాకు రాసిచ్చినట్టే" అన్నాడు. ఆమె పిల్లి నోరు తెరిచి చూసింది. ఏం చూసిందో ఆమెకే తెలియలేదు.

బుధవారం పొద్దున గిన్నె నిండుగా అలాగే ఉంది.

దొరగారు మూలన తల వంచుకుని కూర్చుంది. కింది దవడ వేలాడుతోంది. చొంగ తీగలా కారి సిమెంటు మీద మడుగు కట్టింది. పిలిస్తే కళ్ళు మాత్రం పైకెత్తింది. కుక్కలక్క తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ తలుపు తీయడానికి భయపడటం అదే మొదటిసారి.

"తిందా అక్కా?"

సందులోంచి వచ్చిన మాటకు ఆమె వెనక్కి తిరగలేదు. తినలేదని చెబితే ఎందుకని అడుగుతుంది. తిందని చెబితే... ఆ పాప చేతికి కట్టిన కట్టు కళ్ళముందు మెదిలింది. కిటికీ దగ్గరికి నడిచింది.

"తినలేదు. ఇంకోటి చెప్పాలి, విను. ఆ కార్డు అబద్ధం. దీనికి సూది వేయలేదు. వేయకుండానే ముద్ర కొట్టాను. నువ్విప్పుడే పాపని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళు. టీకా లేని కుక్క అని చెప్పు. నా పేరు చెప్పు. వెళ్ళు!"

ప్లంబర్ భార్య అరవలేదు. జాలీని రెండు చేతులా పట్టుకుని ఒక్క క్షణం కుక్కను చూసింది, ఒక్క క్షణం ఆమెను చూసింది. తర్వాత పరిగెత్తింది. చెప్పు ఒకటి సందులోనే ఊడి పడిపోయింది, ఆగలేదు.

కుక్కలక్క ఆఫీసు గదికి వెళ్ళి ఆసుపత్రికి తనే ఫోన్ చేసింది. తర్వాత షెల్టర్ కమిటీ సెక్రటరీకి చేసింది. రెండు చోట్లా ఒకే మాట చెప్పింది. పదకొండు గంటలకల్లా పాప గాయం చుట్టూ మందు ఎక్కించారని, మొదటి టీకా వేశారని కబురొచ్చింది. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడట, ఆదివారమే పడాల్సిన సూదులని.

మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ వచ్చి ఊచల బయటి నుంచే చాలాసేపు చూసింది. "నోట్లో ఏదైనా ఇరుక్కుని ఉండొచ్చు. ఆ రోగమే కావచ్చు, కాకపోవచ్చు. ఇలాంటప్పుడు నోట్లో చెయ్యి పెట్టకూడదు. నువ్వూ పెట్టకు. చూద్దాం" అంది.

చూడటం తప్ప చేసేదేమీ లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళితే మేడమెట్ల దగ్గర ఆమె పెట్టె, పరుపు, కుట్టుమిషను బయట పెట్టి ఉన్నాయి. అన్నయ్య తలుపు తీయలేదు. ఆటోలోకి పెట్టె ఎత్తుతుంటే వదిన వచ్చి రెండోవైపు పట్టుకుంది. "నేనైతే చెప్పేదాన్ని కాదు" అంది. అది మెచ్చుకోలో నిష్ఠూరమో తెలియలేదు. కుక్కలక్క షెల్టర్ మందుల కొట్టులో పరుపు వేసుకుంది. గోడకు అవతలే దొరగారు. దాని ఊపిరి గురక వినిపిస్తూనే ఉంది.

గురువారం సెక్రటరీ వచ్చాడు. రిటైరైన బ్యాంకు మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచడు.

"ఈ నాలుగు వీధుల్లో మీ ముద్ర ఉన్న కార్డులు ఎన్నున్నాయమ్మా?"

"రెండొందల పైన ఉంటాయి సార్. అబద్ధం ఇదొక్కటే."

"అది నేనెలా నమ్మాలి?"

ఆయన జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీశాడు.

"మిమ్మల్ని ఇవాళే పంపించేయాలని కమిటీ తీర్మానం. కానీ ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరైనా ముందుకొచ్చినా సూదులు పడి పనికి వచ్చేసరికి నెల పడుతుంది. అందాకా ఉండండి. ముద్ర మాత్రం ఇచ్చేయండి."

పొమ్మంటే పోయేది. ఉండమంటే ఆనందించేది. ఆయన రెండూ కలిపి అన్నాడు.

శుక్రవారం తెల్లారాక గోడ అవతల చప్పుడేమీ వినిపించలేదు. ఆమె పరుపు మీదే కూర్చుని ఒకటి రెండు నిమిషాలు లేవలేకపోయింది. లేచి ఊచల్లోంచి చూస్తే, నీళ్ళ పళ్ళెంలో నెత్తురు అంటిన చెక్కపేడు ఒకటి తేలుతోంది, వేలెడు పొడవున. మంగళవారం రాత్రి తలుపు కింది చెక్కను కొరుక్కుందేమో. రెండు రోజులు అంగిట్లో అడ్డంపడి ఉన్నట్టుంది. దొరగారు లేచి ఖాళీ గిన్నెను ముక్కుతో ఆమెవైపు తోసింది.

ఆమె అక్కడే తలుపు బయట కూలబడి ఏడ్చింది. వంటమనిషి పరిగెత్తుకొచ్చి, "పోయిందా అక్కా?" అన్నాడు. "ఆకలేస్తోంది దానికి, అన్నం పట్రా" అంది ఏడుస్తూనే.

అయినా పదిరోజులూ నిండాల్సిందే. పాపకు మిగతా సూదులు పడాల్సిందే. ప్లంబర్ భార్య రోజూ వచ్చింది, కిటికీలోంచి చూసింది, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. పదకొండో రోజు పొద్దున అన్నయ్య వచ్చి, డాక్టరమ్మ చేత దొరగారికి టీకా వేయించుకుని, చెల్లెలి ముఖం చూడకుండా గొలుసు అందుకున్నాడు. కుక్క మాత్రం గేటుదాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి లాగింది.

ఆ తర్వాతి వారం వీధిలో మళ్ళీ శిబిరం పెట్టారు. కార్డు ఉన్నా లేకున్నా అందరికీ కొత్తగా టీకా. ముద్ర డాక్టరమ్మ దగ్గర, సూది కుక్కలక్క చేతిలో. జనం వచ్చారు గానీ ఇంతకుముందులా తాడు చేతికిచ్చి పక్కకెళ్ళి కబుర్లు చెప్పుకోలేదు. ప్రతివాళ్ళూ వంగి సీసా మీది తేదీ చదివారు, మందు ఎక్కిందా లేదా అని సూది వంకే చూశారు. ఆమధ్య నువ్వు చెబితే చాలన్న ముసలాయన కూడా కళ్ళజోడు పెట్టుకున్నాడు.

చివర్లో ప్లంబర్ భార్య పిల్లిని సంచిలో పెట్టుకుని వచ్చింది.

"రెండు రోజులు నన్ను నమ్మించావు" అంది. "అది నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు."

"మూడోరోజు చెప్పావు. అదీ మర్చిపోను." సంచి మూతి విప్పింది. "నా కళ్ళముందు వెయ్యి."

పిల్లి బయటికి వస్తూనే కుక్కలక్క మణికట్టు మీద బర్రున గీరింది. నెత్తురు చిమ్మింది. ఆమె చెయ్యి కదపలేదు. ప్లంబర్ భార్య ఆ గీతను చూడనేలేదు. సూదిలో మందు చివరి చుక్కదాకా దిగేవరకూ రెప్ప వేయకుండా చూసి, పిల్లిని తీసుకుని, వరుసలో తర్వాతి వాళ్ళకు దారి ఇచ్చింది.