నాయనమ్మ సిగ్నల్

తెల్లవారగానే ఆ ఇంట్లో మొదటి పని నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టడం. కోడలు ఆవిడ మొహం కడిగి, తల దువ్వి, వరండాలో కూర్చోబెట్టి, ఎడమ భుజం వీధివైపు ఉండేలా కాస్త తిప్పేది. తర్వాత వీధిలో పిల్లలంతా ఫోన్లు పట్టుకుని ఆవిడ చుట్టూ చేరేవారు. రెండు పెద్ద భవంతుల వెనక గుంటలో ఉన్న వీధి అది, సిగ్నల్ రాదు. నాయనమ్మ దగ్గర మాత్రం వచ్చేది. ఎందుకని ఎవరూ అడగలేదు. కొందరు నాటిన మొక్క బతుకుతుంది, కొందరు ఎత్తుకుంటే పసిపిల్లలు ఏడుపు ఆపుతారు, ఈవిడకు సిగ్నల్ అందుతుంది, అంతే.

హెడ్మాస్టరు ఆఖరిసారిగా పిల్లల్ని ఎండలో నిలబెట్టి, టెక్నాలజీ లేని చదువు చదువే కాదని గొంతు తడారిపోయేదాకా చెప్పి, గదులకు తాళాలు వేయించాడు. పాఠాలు, హాజరు, పరీక్షలు అన్నీ ఫోన్లోకి వెళ్ళాయి. ఫోన్లు బడివాళ్ళే ఇచ్చారు. సిగ్నల్ ఎవరిస్తారని ఆ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన అడిగితే, అది తన పరిధిలోది కాదన్నాడు హెడ్మాస్టరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

నాయనమ్మ మొదట్లో ముచ్చటపడింది. "నేను బడికి పోలేదని బడే నా దగ్గరికొచ్చింది చూడండే" అని మురిసిపోయేది. ఆవిడ మాట్లాడితే లెక్కల మాస్టారి గొంతు తెగిపోతోందని పిల్లలు కనిపెట్టారు. మాటలు మాన్పించారు. ఆవిడ కునుకు తీస్తే మాస్టారు నోరు తెరిచి అలాగే ఉండిపోయేవాడు. కునుకూ మాన్పించారు. ఒకరోజు కోడలు కుట్టుమిషను మీద పడి అత్తకు తిండి పెట్టడం మర్చిపోయింది. ఆ పూట సిగ్నల్ ఎన్నడూ లేనంత నిండుగా వచ్చింది.

అది గమనించింది పెద్ద మనవరాలు. బాగా చదివే పిల్ల, ఊరికే నమ్మదు. ఒకరోజు పెట్టి చూసింది, ఒకరోజు పెట్టకుండా చూసింది, ఆకలితో ఉంటేనే సిగ్నల్ అని తేల్చింది.

"క్లాసులయ్యాక తిందువుగాని నాయనమ్మా."

"అలాగేలే తల్లీ. ఈ వయసులో నాకు ఆకలేముంటుంది?"

అబద్ధం. ఆవిడకు శుభ్రంగా ఆకలేసేది. కడుపులో చల్ల కదలకుండా కూర్చోండి అత్తయ్యా అనేది కోడలు, ఆ కడుపులో ఏమీ లేదని తెలిసి కూడా. వీళ్ళు రాక్షసులైతే నాకు చెప్పడం తేలికయ్యేది. కాదు. రాత్రిళ్ళు ఆవిడ కాళ్ళు పట్టేవారు, మందులు మర్చిపోకుండా వేసేవారు.

పెద్దపిల్లకు వంతెనలు కట్టే చదువు చదవాలని కోరిక. ఆ కాలేజీ ఎక్కడో దూరాన ఉంది. కాగితమన్నదే లేని కాలేజీ అని వాళ్ళకు గొప్ప. ప్రవేశ పరీక్ష కూడా ఫోన్లోనే. గదిలో ఒక్కతే ఉండాలి. కెమెరా కాపలా కాస్తుంది. తల తిప్పినా, పెదవి కదిపినా, కుర్చీలోంచి లేచినా పరీక్ష రద్దు. రద్దయినవాళ్ళు మళ్ళీ రాయడానికి లేదు.

నాయనమ్మను కెమెరాకు కనబడకుండా బల్ల పక్కన నేలమీద కూర్చోబెట్టారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే ఆవిడకు ఏమీ పెట్టలేదు.

"మరీ ఎక్కువవుతుందేమోనే" అంది తల్లి.

"ఈ ఒక్కరోజేనమ్మా. రాయడం కాగానే నేనే కలిపి తినిపిస్తాను" అంది పెద్దపిల్ల. నిజంగా తినిపించాలనే అనుకుంది.

తల్లి తలుపు దగ్గరగా వేసి, ఎవరూ రాకుండా బయట కూర్చుంది.

పరీక్ష సగంలో ఉండగా "నీళ్ళు" అంది నాయనమ్మ. ఎక్కడ సిగ్నల్ పోతుందోనని గుసగుసగా అంది. పెద్దపిల్లకు వినబడింది. నీళ్ళ చెంబు కిటికీలో ఉంది. లేవాలి. లేవలేదు. నాయనమ్మ మళ్ళీ అడగలేదు, మనవరాలికి అడ్డం రాకూడదని ఆవిడకూ ఉంది.

కాసేపటికి ఫోన్లో సిగ్నల్ తగ్గడం మొదలైంది. పెద్దపిల్ల చూపు తిప్పకుండా ఎడమచెయ్యి కిందికి జార్చి నాయనమ్మ చెయ్యి అందుకుంది. చల్లగా ఉంది. ఎందుకు చల్లబడిందో తెలియనంత చిన్నపిల్ల కాదు. ఆ చెయ్యి గట్టిగా రుద్దింది. రుద్దితే సిగ్నల్ నిలబడింది. ఆపితే పడిపోయింది. కుడిచేత్తో జవాబులు పెడుతూ, ఎడమచేత్తో రుద్దుతూ, ఆఖరి ప్రశ్న దాకా వెళ్ళింది. నాయనమ్మ మీద ప్రేమతో రుద్దిందని చెప్పాలని నాకూ ఉంది. జవాబులు పంపాకే చెయ్యి వదిలింది.

తల్లి తలుపు తీసి "పంపించావా?" అంది.

"పంపాను."

"అమ్మయ్య" అన్నాకే తల్లి నేలమీదికి చూసింది.

వీధంతా వచ్చి ఏడ్చింది. అందరికంటే ఇస్త్రీ ఆయన ఎక్కువ ఏడ్చాడు. ఆయన కూతుళ్ళకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పిల్లలు పక్క భవంతి డాబా ఎక్కి ప్రయత్నిస్తే కాపలావాడు కర్ర పట్టుకుని తరిమాడు. చదువులు చట్టుబండలయ్యాయని తల్లులు ఒకరికొకరు గోడు చెప్పుకున్నారు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం పెద్దపిల్ల చెల్లెలికి జడ వేస్తోంది. చెల్లెలి ఒళ్ళో ఫోను మోగింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఫోను మోగడం అదే మొదలు.

"అక్కా, నీకు సీటొచ్చింది" అంది చెల్లెలు. మరుక్షణం జడ విదిలించుకుని వెనక్కి తిరిగింది. "అక్కా, సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తోంది?"

పెద్దపిల్ల లేచి పెరట్లోకి వెళ్ళింది. ఫోను మూగబోయింది. తిరిగొచ్చింది. టింగు టింగుమంటూ ఇన్నాళ్ళ సందేశాలూ వరసగా వచ్చి పడ్డాయి. తల్లి కుట్టుమిషను ఆపింది.

మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా వరండాలో ఉంది.

"నువ్వు వెళ్ళకూడదని ఎవరంటారు తల్లీ" అన్నాడు ఇస్త్రీ ఆయన. "పిల్లల పరీక్షలు కానిచ్చి వెళ్ళు."

"అప్పటిదాకా సీటు ఆగదు బాబాయ్."

"మీ నాయనమ్మ అయితే ఆగేది" అన్నారెవరో.

ఆ మాటకు పెద్దపిల్ల ఏడవలేదు, జంకలేదు. ఎవరేమన్నా వెళ్ళి తీరతానంది. సీటు ఖాయం కావాలంటే తన బొటనవేలు ఫోను తెర మీద నొక్కాలి. చెల్లెలి చేతిలో ఫోను నిండు సిగ్నల్‌తో వెలుగుతోంది. పెద్దపిల్ల వేలు తాకగానే సిగ్నల్ చచ్చిపోయింది. వేలు తీస్తే వచ్చింది. పెడితే పోయింది. నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఫోను ముట్టుకోలేదు. ఆవిడ చేతికి ఎవరూ ఇవ్వనూ లేదు. అందుకని ఈ సంగతి ఎవరికీ తెలియదు.

సిగ్నల్ ఉన్న వీధుల్లోకి వెళ్ళి చూసింది. అక్కడా అంతే. కడుపు మాడ్చుకుని చూసింది. చుట్టుపక్కల వాళ్ళ ఫోన్లు మాత్రం ఇంకా బాగా పనిచేశాయి. చివరికి తల్లిని వెంటబెట్టుకుని రైలెక్కి కాలేజీకే పోయింది. గేటు దగ్గర కాపలా మనిషి తెర మీద వేలు పెట్టమన్నాడు. పెట్టింది. తెర నల్లబడింది.

"వేలు పడకపోతే నేనేం చెయ్యనమ్మా. లోపల మనుషులెవరూ లేరు, అంతా దీన్లోనే" అన్నాడు. అంతలో ఆయన జేబులో, ఆ గేటు దగ్గర ఎన్నడూ మోగని ఫోను మోగింది. ఆశ్చర్యపోయి, దానికేసి చూసి, పెద్దపిల్లకు స్టూలు జరిపాడు. "వెంటనే వెళ్ళకమ్మా, కాసేపు కూర్చో. ఇంటికి ఫోన్ చేసుకోవాలి."

తల్లి దారి పొడుగునా ఏడ్చింది. ఇల్లు చేరి మొహం కడుక్కున్నాక మాత్రం, ఒకందుకు మంచిదేలే, చిన్నదాని చదువైనా నిలబడుతుంది అంది. పెద్దపిల్ల ఆమె మొహంకేసి చూసింది. మాట్లాడితే చిన్నదాని క్లాసు ఆగిపోతుంది.

గడువు దాటిందనీ, సీటు తర్వాతి వాళ్ళకు ఇచ్చేశామనీ కాలేజీ వాళ్ళు పంపిన కబురు చిన్నదాని ఫోనుకు ఒక్క అక్షరం పోకుండా వచ్చింది. చిన్నది దాన్ని పైకి చదివి వినిపించింది. అప్పటికే పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. చిన్నది అక్కకు ఇంకొంచెం దగ్గరగా జరిగి, లెక్కల మాస్టారి పాఠం తెరిచింది.