గీత పక్కన ఏడాది

పిల్లలు గుమ్మం దాటితే చాలు, లారీ వాళ్ల కోసమే వస్తుందనుకునే మనిషి ఆ తల్లి. అలాంటిది ఆ రోజు కూతురికంటే ముందే చెప్పులు వేసుకుని, కొడుకు రాసిన పుస్తకం స్కాన్ చేయించడానికి లైబ్రరీకి బయలుదేరింది. దారిలో ఊరుకుంటేనా? స్కానింగ్ దీపం వేడికి పాత అక్షరాలు మాడిపోతే ఏం గతి, ఊరికే వస్తోంది కదా అని ఎవడైనా తన పేరు వేసేసుకుంటే ఎవరిని అడగాలి అంటూ కూతురి ప్రాణం తోడేసింది.

ఆవిడ కొడుకు బైబిలు కళాశాలలో పాత నిబంధన చెప్పేవాడు. హెబ్రీ భాష నేర్చుకుని అందులోని విలాపవాక్యాలనే భాగం మీద ఒక పుస్తకం రాశాడు. అది అచ్చయిన కొన్నాళ్లకే, పొద్దున్న పనికని వెళ్లినవాడు మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. పోలీసులు వెతికారు, చుట్టాలు వెతికారు, ఆఖరికి అందరూ చేతులు దులుపుకున్నారు. తల్లి దులుపుకోలేదు. పాత బైబిలు పరిశోధనలన్నీ లైబ్రరీవాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నారని, ఏ దేశంలోనైనా ఫోనులో చదువుకోవచ్చని కూతురు చెప్పినప్పటి నుంచీ ఆవిడకి ఒకటే ఆశ. ఏ మూల ఉన్నా వాడి పుస్తకం వాడి కంటబడకపోతుందా అని.

స్కానింగ్ గదిలో లైబ్రేరియన్ పుస్తకాన్ని ఏటవాలు చెక్కల మధ్య సగం తెరిచి పడుకోబెట్టాడు. పైన రెండు కెమెరాలు. పేజీల అంచులు పురుగులు తినేశాయి. మరో ప్రతి ఎక్కడా దొరకలేదని, ఇంకొన్నాళ్లు ఆగితే తిప్పడానికి కాగితమే మిగలదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతికి వచ్చాడు. రచయిత బతికుంటే ఆయనే అనుమతి సంతకం పెట్టాలి. పోయి ఉంటేనే వారసురాలిగా తల్లి పెట్టవచ్చు. పేరు పక్కన పుట్టిన ఏడాది, ఒక గీత, పోయిన ఏడాది వేయాలి.

"మరి కనబడకుండా పోయినవాళ్లకి?" అంది తల్లి.

"ఫారంలో దానికి గడి లేదమ్మా."

పుస్తకం వాడి కంటబడాలంటే వాడు లేడని కన్నతల్లే చెప్పాలి.

ఏడాది సరిగా తెలియకపోతే ఒక అంకె వేసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టవచ్చని లైబ్రేరియన్ సర్దిచెప్పాడు.

"అన్నయ్య వెళ్లిన ఏడాదే వేయిద్దామమ్మా. ఎన్నాళ్లని ఇలా?" అంది కూతురు.

"ఆ ఏడాది నీ మటుకు నువ్వు వేసుకో. నన్నడిగితే వాడు నిన్న కూడా ఎక్కడో ఇంత అన్నం తినే ఉంటాడు." లైబ్రేరియన్ వైపు తిరిగింది. "ఈ ఏడాది వేయండి బాబూ. ఇన్నేళ్లూ బతికాడని ఉంటుంది."

ఆయన అలాగే వేశాడు. వచ్చే ఏడాది తను మళ్లీ వస్తే దాన్ని ఒక అంకె ముందుకు జరుపుతారా అని అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. తమ దగ్గర మార్చగలరట. కానీ ఉచితం కాబట్టి ఎవరెవరో తమ ఫోనుల్లోకి దించుకుంటారు, వాళ్ల దగ్గర ఇంకొకళ్లు తీసుకుంటారు. వాటన్నిటి వెంటా పడలేరట.

ఆవిడ సంతకానికని తీసుకున్న కలం కింద పెట్టేసింది. ఎప్పుడో, ఎక్కడో వాడు తెరుస్తాడు. పేరు పక్కన తన చావు చూస్తాడు. అమ్మే రాయించిందని తెలుస్తుంది. ఇంక ఇంటికెందుకు అనుకుంటాడు.

లైబ్రేరియన్ మెల్లగా పేజీ తిప్పాడు. ఎంత మెల్లగా తిప్పినా అంచు విరిగి బల్ల మీద పొడి రాలింది. అందులో సగం అక్షరం ఉంది. ఆవిడ దాన్ని వేలికి అద్దుకుని చాలాసేపు చూసింది.

"అనుమతి ఇచ్చినవాళ్ల పేరు పడుతుందా?"

"మొదటి పేజీలోనే పడుతుందమ్మా. తల్లి అని కూడా వేస్తాం."

సంతకం పెట్టింది. అక్షరాలు గడి దాటిపోయాయి.

"నా పేరు పక్కన మాత్రం ఏ ఏడాదీ వేయకండి. నేను పోయాక కూడా. వాడు చూస్తే, అమ్మ ఉందనుకోవాలి."

అలాగేనమ్మా అన్నాడాయన. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఆ మాట రాసుకోమంది.