మామగారి ముక్కు

గడ్డి ఎండబెట్టడంలో ఏముందోయ్ అనేవాళ్ళను ఒక్క పూట ఆ పచ్చికబయల్లో నిలబెట్టాలి. పూత తొంగిచూడగానే కోసెయ్యాలి, ఆలస్యమైతే కాడ ముదిరి కట్టెపుల్లవుతుంది. మంచు ఆరాక తిరగెయ్యాలి, ఆకు రాలకుండా ఎత్తాలి. కాస్త చెమ్మతో వామి వేశారా, లోలోపల ఉడికి పులిసిపోతుంది. పులిసిన గడ్డి తిన్న ఆవుకు కడుపు పాడు, పాలకు రుచి పాడు, అమ్మినవాడికి పేరు పాడు.

మామగారికి ఆ పేరంటే ప్రాణం. వామిలోకి చెయ్యి దూర్చి, గుప్పెడు గడ్డి లాగి, కళ్ళు మూసుకుని వాసన చూసి "ఊఁ" అన్నాడంటే పాల డైరీల వాళ్ళు మారు మాట్లాడకుండా బండికి ఎత్తించుకునేవారు. అందరూ ఆయన్ను ముక్కుపెద్ద అనేవారు. ఆయన కోపమూ ముక్కు మీదే ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి ఆయనంటే హడలు. ఒకనాడు గడ్డి తిరగేస్తుంటే ఆమె చేతులు బొబ్బలెక్కాయి. అది చూసి ఆయన తన పంగలకర్రకు మెత్తటి పాతగుడ్డ చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఆనాటి నుంచీ ఆమెకు లోకమంతా ఒకెత్తు, మామగారొకెత్తు.

పోయిన నెల ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక మనిషి మెత్తబడ్డాడని అత్తగారు తెగ సంబరపడింది. పాలు మాడితే వీధిగుమ్మంలోంచే కేకలేసే మనిషి, మొన్న మాడుపాలతో పెట్టిన టీ కిమ్మనకుండా తాగి గ్లాసు కింద పెట్టాడు. "జ్వరం ఎంత మేలు చేసిందో చూశావా" అంది అత్తగారు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు.

ఇవాళ పొద్దున గడ్డి కొట్టం ఊడుస్తుంటే మూల వామి దగ్గర ఆమె చీపురు ఆగింది. నిన్న మామగారు చూసి "ఊఁ" అన్న వామి అది. సన్నగా పుల్లటి వాసన వస్తోంది. కాసేపట్లో డైరీ ఆసామి బండి తెస్తాడు, కొత్తగా ఈనిన ఆవులకు పెట్టాలని ఈ వామే అడిగాడు. నోరు విప్పితే మామగారి పరువు పోతుంది, విప్పకపోతే ఆ మూగజీవాలు జబ్బు పడతాయి. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది పాపం.

పైపై వాసనేమో చూద్దామని గాజులు వెనక్కి తోసుకుని భుజం దాకా చెయ్యి దూర్చింది. లోపల అప్పుడే దించిన అన్నం గిన్నెలా వెచ్చగా తగిలింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

వెనక మామగారు. తేలు కుట్టిన దొంగలా చెయ్యి లాక్కుంది. "చెవి కమ్మ జారిపోయింది మామయ్యా. వెతుకుతున్నా."

ఆయన ఆమె చెవులకేసి చూశాడు. "కమ్మలు రెండూ చెవులకే ఉన్నాయి కదమ్మా."

ఆమె చెవులు తడుముకుంది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఈ పిల్లకు అదీ చేతకాదు.

ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. "వాసనొస్తోందా?"

"వస్తోంది మామయ్యా. పులిసింది. లోపల వేడిగా ఉంది."

"నిన్న నా చేతికీ వెచ్చగానే తగిలింది. ఎండ వేడేమోలే అని సర్దిచెప్పుకున్నా. ముక్కు చెప్పకుండా చేతిని ఏనాడు నమ్మాను గనక." ఆయన నేలకేసి చూశాడు. "జ్వరం వచ్చినప్పట్నుంచీ ఏ వాసనా రావట్లేదమ్మా. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకుంటూ ఊఁ కొట్టేస్తున్నా."

"నాకైనా చెప్పొచ్చుగా మామయ్యా."

"ఏమని చెప్పను? ముక్కుపెద్దకు ముక్కే పోయిందంటే నన్నెవరు లెక్కచేస్తారు?"

"నేను లెక్కచెయ్యనా?"

ఆయన జవాబు చెప్పేలోపే వాకిట్లో బండి ఆగింది. డైరీ ఆసామి చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. "ఏం పెద్దాయనా, మూల వామేగా? మా వాళ్ళని ఎత్తమంటా మరి."

మామయ్యే వద్దన్నారండీ అందామని కోడలు నోరు తెరిచింది. ఈసారి అబద్ధం అతికేదే. మామగారు చెయ్యెత్తి ఆపాడు.

"అది పులిసింది. నిన్న బాగుందన్నది నేనే. నా ముక్కు పనిచెయ్యట్లేదయ్యా. కనిపెట్టింది మా అమ్మాయి."

ఆసామి తెల్లబోయాడు. "మరి ఇకనుంచి మాకెవరు చూసిపెడతారు?"

"కిటికీ పక్క వామి చూడమ్మా" అన్నాడు మామగారు.

ఆమె చెయ్యి దూర్చింది. లోపల చల్లగా, పొడిగా ఉంది. గుప్పెడు గడ్డి లాగి కళ్ళు మూసుకుంది. ఆ గుప్పెడూ తెచ్చి మామగారి చేతిలో పెట్టింది.

"ఎలా ఉందో చెప్పు" అన్నాడాయన నెమ్మదిగా.

"మీ తువ్వాల్లా ఉంది మామయ్యా. నేను ఈ ఇంటికొచ్చిన రోజు మీ పక్కనుంచి వెళ్తుంటే ఇదే వాసన. అంత భయంలోనూ ఈ ఇల్లు మంచిదే అనిపించింది."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, అలవాటు కొద్దీ ముక్కుకు ఆనించుకున్నాడు. ఏ వాసనా రాలేదు. దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే బాగున్నట్టే. మరి ఆ మాట అనమ్మా, ఆసామి కాచుకుని ఉన్నాడు."

"ఊఁ" అంది కోడలు.

ఆసామి మారు మాట్లాడకుండా బండిని కిటికీ వైపు తిప్పించాడు.