జానెడు ఎత్తున నీడ

నేను ఒక రేకుల గదిని. కింద రెండు చక్రాలు, ముందు జీపుకు తగిలించే కొక్కెం, పక్కన ఒక్క కిటికీ. ఒంగోలులో ఒక వెల్డింగు షెడ్డువాళ్లు పాత ట్రాక్టరు ట్రక్కు చట్రం మీద ఇనప రేకులు బిగించి నన్ను నిలబెట్టారు. అది చలికాలం. ఎండ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మనుషులు ఏ కాలంలో ఉంటే అదే శాశ్వతమనుకుంటారు.

మొదట రోడ్లు కొలిచే ఓవర్సీరు ఒకాయన నాలో కాపురమున్నాడు. బదిలీ రాగానే పరుపు చుట్టుకుని, వెనక్కి చూడకుండా పోయాడు. అప్పటినుంచి ఎవరు సంచి సర్దుకున్నా నా బోల్టులు వదులవుతున్నట్టు ఉంటుంది.

తర్వాత తేనెటీగలు పెంచే పేరయ్య కొన్నాడు. పూత ఎక్కడుంటే ఈగల పెట్టెలతో సహా అక్కడికి పోవడం ఆయన పని. భార్య సాంబ్రాజ్యం వెంట ఉండేది. ఆ వేసవిలో అద్దంకి వైపు ఒక పొద్దుతిరుగుడు చేను పక్కన దిగాం. పొద్దెక్కకముందే నా గోడలు పెనంలా కాలేవి.

"ఏమయ్యా, దీన్ని చల్లబరిచే దారి చూడకపోతే మా చెల్లెలి ఊరు పోతా. ఇక రాను," అందామె.

"చూస్తాలేవే," అన్నాడు.

ఆయన తేలిగ్గా తీసుకున్నాడు గానీ నా బోల్టులు అప్పుడే వదులయ్యాయి.

పైన సున్నం కొట్టాడు. అకాల వాన ఒకటి వచ్చి కడిగేసింది. లోపల థర్మాకోల్ పలకలు అతికించాడు. మధ్యాహ్నానికి జిగురు కరిగి, ఒక పలక వచ్చి ఆమె అన్నం పళ్లెంలో పడింది.

"ఇది కూర అనుకోనా?" అంది సాంబ్రాజ్యం.

చివరికి గోనెపట్టాలు తడిపి నా చుట్టూ వేలాడదీశాడు. నిజం చెప్పాలి, హాయిగా ఉంది. కానీ డ్రమ్ములో నీళ్లన్నీ పట్టాలకే పోసి, ఈగలు తాగే పళ్లేలు నింపడం మరిచాడు. దాహం వేసిన ఈగలు ఊరుకుంటాయా? అన్నీ తడి పట్టాల మీద వాలాయి. తలుపు కనబడలేదు. లోపల సాంబ్రాజ్యం, బయట ఈగల్ని తోలే పొగడబ్బాతో పేరయ్య. పొగ పెడితే ఆ పొగ కూడా లోపలికే వచ్చింది.

సాయంత్రం బయటపడ్డ ఆమె అరవలేదు. పెట్టెల వైపు చూపించింది.

"వాటికి జానెడు ఎత్తున తాటాకు పందిరి కట్టావు. పెట్టె మీది రేకుకు తగలకూడదు, మధ్యలో గాలి ఆడాలి అని నాకే చెప్పావు. మరి గదికి కట్టాలని తోచలేదేం?"

"వేడి ఎక్కువైతే అవి పెట్టె వదిలి పోతాయే."

"నేను పోననుకున్నావు గదా."

ఆమె సంచి సర్దుకుని రోడ్డెక్కింది. నా బోల్టుల సంగతి వేరే చెప్పాలా?

మర్నాడే ఆయన వాసాలు కట్టి నా మీద తాటాకు కప్పాడు. మధ్యాహ్నం కూడా గోడ మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాను. ఆ చల్లదనంలో ఒక్కడే పడుకుని కప్పు చూసేవాడు. ఇంత తేలిక పనికి ఇంత రభసా అని నాకు ఒళ్లు మండేది. పూత అయిపోయాక పందిరి విప్పాడు, పోవాలి గదా. విప్పుతూ ఆమెకు ఫోను చేశాడు.

"పందిరి కట్టాక గది చల్లబడిందే. రా."

"విప్పితే మళ్లీ కడతావా?"

"కడతా."

"చూశాకే ఎక్కుతా."

బాపట్ల దగ్గర నువ్వుల చేలోకి మేం చేరేసరికి ఆమె బస్సు దిగి గట్టు మీద నిలబడి ఉంది. సంచి భుజాన్నే ఉంది. పేరయ్య పెట్టెలు దించి, తాటాకుల కట్ట ఎత్తుకుని, అలవాటుగా పెట్టెల వైపు నడిచాడు. ఆమె సంచి పట్టీ సర్దుకుని రోడ్డు వైపు తిరిగింది.

ఆయన ఆగాడు. వెనక్కి వచ్చి, నా మీదికెక్కి, వాసాలు బిగించి మొదటి ఆకు పరిచాడు.

సాంబ్రాజ్యం ఇంకా సంచి దించలేదు. రెండో ఆకు కోసం చూస్తోంది.