పదిహేడు ఆదివారాలు

ఆదివారం ఆట మొదలయ్యేలోపు వంట ముగించి, వేడ్ బట్టలన్నీ మడతపెట్టెయ్యాలి. ఓడిపోయి వస్తే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా అతనికి పడదు. గెలిచి వస్తే ఎలా ఉంటాడో చూసే అవకాశం ఈ ఏడాది ఒక్కసారీ రాలేదు.

వేడ్ నా భర్త. టొలీడో స్టీల్‌హెడ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్స్ కోచ్. పెళ్లయిన పదకొండేళ్లలో అతని ఉద్యోగం వెంట ఐదు ఊళ్లు మారాం. ప్రతి ఊళ్లోనూ ఇల్లు వెతికింది నేను, సర్దింది నేను, కొత్త బళ్లో మళ్లీ అందరికన్నా జూనియర్‌గా చేరిందీ నేనే. నత్తి వచ్చే పిల్లలకి మాటలు నేర్పుతాను. స్టాఫ్‌రూమ్‌లో ఆ పిల్లల గురించి నన్నెవరూ అడగరు. "మీ ఆయన్ని ఆ పనికిమాలిన డిఫెన్స్ మార్చమనవమ్మా, కాలెట్" అంటారు. నేనే బంతి జారవిడిచినట్టు తలవంచుకుని నవ్వుతాను.

అక్టోబరులో ఆరో ఆటకి జట్టు డెన్వర్ వెళ్లింది. అప్పటికి నాకు ఆరో నెల. పొద్దున్నించీ బిడ్డ కదలడం లేదని ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లాను. గుండె ఆగిపోయిందన్నారు. నొప్పులు రావడానికి మందిచ్చారు. మా అత్తగారు జెరాల్డిన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "ఆట అయ్యేదాకా వాడికి చెప్పకమ్మా. మనసు చెదిరిపోతుంది" అంది.

చెప్పలేదు. నొప్పులు పడుతూ, గోడ మీది టీవీలో నా భర్త మైదానం అంచున నిలబడి గొంతు చించుకోవడం చూశాను. ఆట ముగిసేసరికి పాప పుట్టింది, ఏడవకుండా. వేడ్ ఫోన్ చేసి, ఆఖరి పావుగంటలో ఎలా ఓడిపోయారో చెప్పుకుపోయాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, పాప పోయిందని చెప్పాను.

మర్నాడు వచ్చి ఒక గంట నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. బుధవారం పూడ్చిపెడతారని చెప్పాను. బుధవారం వచ్చే ఆటకి వ్యూహం వేసే రోజట, ఇలాంటప్పుడు కుర్రాళ్లని వదిలిపెట్టలేడట. "నువ్వు ధైర్యస్థురాలివి" అని నా నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. బుధవారం వాన పడింది. పాదిరీ, నేను, గొయ్యి తవ్విన ఆయన, అంతే ఉన్నాం.

ఆ వారాంతంలో పక్కింటి ఇర్మా నూడుల్స్, చికెన్ కలిపి ఓవెన్‌లో వండి తెచ్చింది. గుమ్మంలోనే నన్ను కావలించుకుని, ఇంత ఘోరాన్ని ఎలా తట్టుకుంటున్నావో అంది. ఎవరో ఒకరికి తెలిసిందనుకుని ఆవిడ భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చాను. వీపు నిమురుతూ, "ఇంకా పదకొండు ఆటలున్నాయిగా, ఒక్కటన్నా గెలుస్తార్లే" అంది. కళ్లు తుడుచుకుని గిన్నె అందుకున్నాను. థాంక్స్ చెప్పాను కూడా.

ఒక్కటీ గెలవలేదు. పదిహేడో ఆట ఓడి వచ్చిన వేడ్ వంటింట్లో నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కుర్రాళ్ల మొహాలు చూడలేకపోయానన్నాడు. "వాళ్లు నా బిడ్డల్లాంటివాళ్లు, కాలెట్" అన్నాడు. పక్కన కూర్చుని తల నిమిరాను. అక్టోబరు నించి ఆ కన్నీళ్ల కోసమే ఎదురుచూశాను. నాతో కలిసి ఒక్కసారి ఏడిస్తే చాలనుకున్నాను. అతనికి ఏడవడం రాదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. వచ్చు. ఎంత బాగా వచ్చో ఆ రోజే చూశాను.

జనవరిలో కోచ్‌లందర్నీ తీసేశారు. పది రోజుల్లోనే టెక్సస్‌లో ఒక జట్టు వేడ్‌ని పిలిచింది. అట్టపెట్టెలు తెచ్చి హాల్లో పడేసి, ఎప్పట్లాగే స్టేడియానికి దగ్గర్లో ఇల్లు చూడమన్నాడు. బళ్లో ఈ వారమే చెప్పెయ్యమన్నాడు.

"నేను రావడం లేదు" అన్నాను.

వినపడనట్టు పెట్టె మడతలు విప్పుతున్నాడు. ఓడిపోయినవాణ్ని వదిలేస్తావా అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. నేను అతని ఓటమి గురించి మాట్లాడటం లేదని చెప్పాను. ఉద్యోగం మానడం లేదని, ఈ ఇంట్లోనే ఉంటానని చెప్పాను.

"పాప ఈ ఊళ్లో ఉంది, వేడ్. దాన్ని ఒక్కదాన్నీ వదిలి రాను."

అతను పెట్టె కింద పెట్టాడు. నన్ను చూశాడు. వెటకారం లేదు, కోపం లేదు, నిజంగా తెలియకే అడిగాడు.

"ఎక్కడ?"